కుక్కపిల్ల కాలు పట్టినపుడు

గోదావరి సీమలో కుక్కపిల్లలకు ఒక పంచాంగము కలదు. అక్టోబరు మధ్యభాగమున చిత్తకార్తె వచ్చును. ఆ కార్తెకును కుక్కలకును ముడిపెట్టి మన పెద్దలు చెప్పు మాట అందరెరిగినదే. కుక్క గర్భము మోయు కాలము ఇంచుమించు 63 దినములు గనుక, ధనుర్మాసపు చలిలో గడ్డివాముల చాటునను, పాకల వెనుకను, వంతెనల క్రిందను పిల్లలు పుట్టును. రెండు వారములకు కన్నులు తెరచును. సంక్రాంతినాటికి తప్పటడుగులు వేయును. శివరాత్రి వచ్చునప్పటికి ఎనిమిది వారముల ప్రాయమంది, పిల్లల చంకనెక్కి యిండ్లలోనికి చేరును. ఉగాది దాటి, బడులకు వేసవి సెలవులు ఇచ్చు వేళకు వాటి పాలపండ్లు ఊడి కొత్తపండ్లు మొలచుచుండును. అప్పుడు ఇంటినిండ పిల్లలే, అందరివియు ఒట్టికాళ్లే. రాజమహేంద్రవరము మొదలు అమలాపురము వరకు, ఆవలిగట్టున నరసాపురము, భీమవరముల వరకు, లోగిళ్లలో “అమ్మో, కాలు పట్టింది!” అను కేక మిక్కిలిగా వినబడునది ఆ దినములలోనే.

ఈ కేక చిన్నదే. దాని ఫలితము మాత్రము చిన్నది కాదు. మాఘమాసమున ముద్దుగా తెచ్చుకొన్న పిల్లకు వైశాఖమునాటికి “కరిచే కుక్క” అను పేరు వచ్చును. పేరు వచ్చిన తరువాత గోనెసంచి వచ్చును. సంచిలో వేసి, కాలువ దాటించి, ఏ లాకుల వద్దనో, ఏ సంతచావడి వద్దనో విడిచి వచ్చెదరు. వీధి యెరుగని ఆ పిల్ల అక్కడ బ్రతుకుట కష్టము. బ్రతికినచో, పండ్లను అదుపున నుంచుకొనుట ఎవ్వరును నేర్పని కుక్కయై ఆ వీధిపిల్లల నడుమ తిరుగును. ఇట్లు విడిచిపెట్టుట మన యింటి చిక్కును మరొకరి వీధికి పంపుటయే గాని చిక్కు తీర్చుట కాదు. ఆ గోనెసంచి అవసరము రాకుండ చేయు ఉపాయమును గూర్చి నేడు మా శ్రోతలకు, పాఠకులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మొదట, కుక్కపిల్ల ఏల కొరకునో తెలియవలెను. దానికి చేతులు లేవు. మన పసిబిడ్డ దేనినైనను పట్టిచూచి తెలిసికొనునట్లు, అది నోటితో పట్టి తెలిసికొనును. దాని నోటిలో 28 పాలపండ్లుండును. అవి సూదులవలె వాడియైనవి. తోబుట్టువులతో ఆడునపుడు ఒకదానినొకటి పట్టి లాగుకొనును. పట్టు మితిమీరినచో పట్టుబడిన పిల్ల కుయ్యిమని అరచి ఆట మానుకొనును. తల్లి రొమ్మును గట్టిగా పట్టినచో తల్లి లేచి పోవును. ఇట్లు “గట్టిగా పట్టితిమా, ఆట పోవును, పాలు పోవును” అను మొదటి పాఠము తల్లియొడిలోనే నేర్చుకొనును. కన్నులు తెరచినంతనే, నాలుగు వారములైనను నిండకముందే తల్లినుండి వేరుచేసి తెచ్చిన పిల్లకు ఈ పాఠము సగములోనే ఆగిపోవును. ఎనిమిది వారములు తల్లికడ నుంచవలెనని పశువైద్యులు చెప్పుటకు ఇదియు నొక కారణము.

శరీరమంతయు ఉండగా పాదములనే ఏల పట్టవలెను? పాదములు దాని కన్నుల యెత్తున నుండును. అన్నిటికంటె మిన్నగా, అవి కదలును. కదలుచున్నదానిని వెంబడించుట కుక్కజాతికి పుట్టుకతో వచ్చిన గుణము. మనుష్యుడు ఆ గుణమును తన పనులకు వాడుకొనెను. వేల్సు దేశపు పొట్టికాళ్ల కార్గీ జాతిని అక్కడి రైతులు పశువుల మడమలను పట్టి తోలుటకే పెంచిరి. మన సీమలోను పనికి పెంచిన కుక్క ఉన్నది. కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను కాచుటకు పెంచిన జోనంగి మన డెల్టా సొంతజాతి. దానిని కొల్లేటి జాగిలమనియు అందురు. కురుచ వెండ్రుకలు, ముడుతలు పడిన నుదురు దాని గురుతులు. బాతుల మందలు తగ్గి చేపల చెరువులు పెరిగిన కొలది ఆ జాతియు అరుదైనది. వీధికుక్క పిల్లయైనను, జాగిలము పిల్లయైనను, కదలుదానివెంట పరుగెత్తు నెత్తురు అన్నిటియందును గలదు. మన యిండ్లలో దానిని రేపు వస్తువులు మరికొన్ని కలవు. చెప్పులు వాకిటనే విడుతుము. చీర కుచ్చిళ్లు, పంచె అంచులు నేలకు జానెడు ఎత్తున ఊగుచుండును. ఆడపిల్లల కాలిపట్టీలు గల్లుమనును. కుక్కపిల్ల దృష్టిలో ఇంతకంటె చక్కని ఆటబొమ్మ వేరొకటి లేదు.

ఇక మూడవ కారణము మనమే. దీనిని చెప్పుటకు మా యింటి ముచ్చటనే ఉదాహరింతుము. ఒక వేసవిలో మా యింట నల్లమచ్చల పిల్ల యొకటి చేరెను. మేము పని ముగించుకొని వచ్చి వాకిట చెప్పులు విడుచునంతలో మడమ పట్టుచుండెను. మా అత్తగారు కెవ్వున అరచి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని మంచమెక్కుచుండిరి. మా పిల్లవాడు నవ్వుచు వసారా పొడుగున పరుగెత్తుచుండెను. చుట్టపుచూపుగా వచ్చిన బావగారు “ఉస్కో, ఉస్కో” అని దానిని మరింత రేపుచుండిరి. మేమో, పత్రికను చుట్టగా చుట్టి దాని మూతిపై కొట్టుచుంటిమి. తప్పు ఒకటి, తీర్పులు నాలుగు. పది దినములకు అది ఏమి నేర్చెను? కాలు పట్టినచో అత్తగారు ఎగురుదురు, పిల్లవాడు పరుగెత్తును, బావగారు మెచ్చుకొందురు అని నేర్చెను. మావలన మాత్రము వేరొకటి నేర్చెను. మేము పత్రిక విప్పినంతనే మంచము క్రిందికి పోయి వణకుట మొదలుపెట్టెను. కాళ్లు పట్టుట మానలేదు. మమ్ము చూచి తోక ఆడించుట మానెను.

ఏ పనివలన సుఖము కలుగునో ఆ పనిని జంతువు మరల చేయును. ఏ పనివలన ఏమియు దక్కదో దానిని క్రమముగా విడుచును. అమెరికాలో థారన్‌డైక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు పిల్లులను పెట్టెలలో నుంచి, అవి తలుపు తీయుట నేర్చుకొను తీరును కనిపెట్టి, 1898లో ఈ విషయమును ప్రకటించెను. కుక్కపిల్లకు సుఖమనగా తిండి మాత్రమే కాదు. మన కేక, మన పరుగు, మన గెంతు — ఇవన్నియు దానికి బహుమానములే. కావున కాలు పట్టుట మాన్పదలచినవారు ముందుగా మాన్పవలసినది ఆ బహుమానములను. కుక్కపిల్లకు నేర్పుటకు ముందు మన పాదములకు నేర్పవలెను.

“కొట్టనిదే కుక్కకు బుద్ధి వచ్చునా?” అని పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్నకు తగిన కథ మన రాజమహేంద్రవరముననే కలదు. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వపు మొదటి కథలలో ఒకటి కుక్కపిల్ల కథ. జనమేజయుడు యాగము చేయుచోటికి సరమ యను దేవశునకము కొడుకైన సారమేయుడు వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు ఏడ్చుచు తల్లికి చెప్పుకొనెను. సరమ రాజు నెదుటికి వచ్చి, మంచిచెడ్డలు విచారింపక నిరపరాధులను బాధించువారికి అనుకొనని భయములు వచ్చునని పలికి పోయెను. సారమేయుడు తప్పు చేయలేదు. మన పిల్ల కాలు పట్టినమాట నిజమే. అయినను అది తప్పని దానికి అంతవరకు చెప్పినవారెవ్వరు? దెబ్బ తగిలినపుడు దానికి నొప్పి తెలియును. ఏ పనికి ఆ దెబ్బయో తెలియదు. చేయి పైకెత్తినచో నొప్పి వచ్చునని మాత్రము గుర్తుంచుకొనును. అట్టి కుక్క పెద్దదైన పిదప, నిమురుటకు చాచిన పసివాని చేతిని చూచియు బెదరి కరవవచ్చును. ఇంటివారు అనుకొనని భయము ఇదియే కదా!

ఇక చేయవలసిన పని చెప్పుదుము.

కుక్కపిల్ల కాలు పట్టినంతనే కాలు లాగుకొనరాదు, విదిలింపరాదు. గుంజవలె కదలక నిలువవలెను. మాటాడరాదు, దానివంక చూడరాదు. కదలని పాదమునందు దానికి ఆట లేదు. క్షణములో పట్టు విడుచును. విడిచినంతనే మెల్లగా “మంచిది” అని, దాని నోటికి పట్టదగిన వస్తువును అందీయవలెను. పాత తుండుగుడ్డను గట్టిగా రెండు మూడు ముడులు వేసినచో చాలును. పండ్లు మొలచు దినములలో దానిని తడిపి చల్లగా ఇచ్చినచో చిగుళ్లకు హాయిగా నుండును. పాత చెప్పును ఇచ్చువారు కలరు, అది కూడదు. పాత చెప్పునకును, కొత్త చెప్పునకును, చెప్పులోని కాలికిని భేదము దానికి తెలియదు. వండిన కోడి ఎముకలును ఈయరాదు. అవి చీలికలై గొంతునను, ప్రేగులలోను గ్రుచ్చుకొనును.

నిలిచినను విడువక మరల మరల పట్టుచున్నయెడల, మనమే అక్కడినుండి తప్పుకొనవలెను. గది తలుపు దగ్గరగా వేసికొని అరనిమిషము ఆవల నుండి తిరిగి రావలెను. అది తోబుట్టువులకడ నేర్చిన భాషయే: గట్టిగా పట్టితివి, ఆట ముగిసినది. అరనిమిషము చాలును. గంటసేపు కట్టివేసినచో ఏ తప్పునకు కట్టిరో మరచి, ఏకాంతమునకు ఏడ్చును.

పట్టినపుడు చేయవలసినది ఇంతే. పట్టనపుడు చేయవలసినది ఇంతకంటె ముఖ్యము. దినమునకు మూడుమార్లు, మార్కొక ఐదు నిమిషములు, దానికి నడక పాఠము చెప్పవలెను. ఉడికిన గ్రుడ్డును శనగగింజంత ముక్కలుగా చేసి చేత నుంచుకొని, దాని యెదుట ఒక్క అడుగు వేసి ఆగవలెను. కాలు పట్టక చూచుచున్నచో ఒక ముక్క ఈయవలెను. తరువాత రెండడుగులు, పిదప నాలుగు. కుదిరిన పిదప కొంచెము వేగముగా, ఆ తరువాత కుచ్చిళ్లు ఊగునట్లు, చివరకు కాలిపట్టీలు మ్రోగునట్లు నడువవలెను. ఏ మెట్టున తప్పినదో దానికి ముందటి మెట్టునకు దిగి మరల ఆరంభింపవలెను. రేడియో గల యింటివారికి కాలము కొలచుట సులువు. వార్తలు వచ్చు పదినిమిషములలో సగము దీనికి కేటాయించినచో వార్తలును విందురు, పాఠమును సాగును.

మూడు నాలుగు దినములు గడచినపుడు కొందరికి నిరాశ కలుగును. పట్టుట తగ్గుటకు మారు హెచ్చును. దీనికి భయపడనవసరము లేదు. ఇన్నినాళ్లు దొరకిన ఆట హఠాత్తుగా దొరకకపోవుటచే, అది మరికొంత బలముగా ప్రయత్నించి చూచుచున్నదని గ్రహింపవలెను. ఆ దినమున ఎవరైనను ఓర్పు చాలక కేకవేసి పరుగెత్తినయెడల, “బలముగా పట్టినచో దొరకును” అని నేర్పినవారగుదురు. ఓపిక పట్టవలసినది సరిగా ఆనాడే.

ఇంటిల్లిపాదియు ఒకే మాట, ఒకే తీరు పాటింపవలెను. ఒకరు “వద్దు” అని, ఒకరు “ఛీ” అని, ఒకరు “పోవే” అనినచో దానికి మూడును చప్పుళ్లే. చుట్టములకును ముందుగానే చెప్పవలెను. దుప్పటిలో కాలివ్రేళ్లు ఆడించి దానిచేత పట్టించి నవ్వుకొనుటయు, “ఉస్కో” అనుటయు మానవలెను. మధ్యాహ్నము ఆటగా చేయించిన పనికే సాయంకాలము దండించుట న్యాయము కాదు.

నిద్రసంగతియు మరువరాదు. ఈ వయసు పిల్ల దినములో ఇంచుమించు 18 గంటలు నిద్రించును. సెలవులలో పిల్లలు దానిని ఉదయమునుండి చేతులు మార్చుచు ఆడించినచో, సందెవేళకు పసిబిడ్డవలెనే పేచీకి దిగును. వసారా ఆ కొసనుండి ఈ కొసకు పిచ్చిగా పరుగెత్తి, కనబడిన కాలినెల్ల పట్టును. అప్పుడు పాఠము పనికిరాదు. చీకటిమూలను చల్లనిచోట పడుకొనబెట్టుటయే మందు.

చిన్నపిల్లలకు ఒక్కటే నేర్పవలెను: “కుక్కపిల్ల వెంటపడితే చెట్టులా నిలబడు.” చేతులు కట్టుకొని, పైకి చూచుచు నిలిచిన పిల్లవానికడ దానికి ఆట దొరకదు. అయినను ఐదారేండ్లలోపు పిల్లలను కుక్కపిల్లకడ పెద్దలు లేకుండ విడువరాదు. పాఠము ఎంతయైనను కుదిరియుండవచ్చును. పసివారి బుగ్గ, కన్ను మాత్రము కుక్కపిల్ల యెత్తుననే యుండును.

ఇచ్చట ఆట విడిచి ప్రాణమునకు సంబంధించిన మాట చెప్పవలసియున్నది. ఆటకు పట్టినను, పండు గీరి నెత్తురు కనబడినచో దానిని ఆటగా ఎంచరాదు. “పాలుత్రాగే పిల్లకు పిచ్చి ఎక్కడిది?” అను మాట పొరపాటు. రేబీసు కుక్కపిల్లలకును రాగలదు. ఆ వ్యాధి లక్షణములు పైకి వచ్చిన పిదప మనుష్యుడు బ్రతుకుట దాదాపు అసాధ్యము. గాయమును వెంటనే సబ్బుతో, పారు నీటిక్రింద పదిహేను నిమిషములు కడుగవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోయి వైద్యుని సలహాపై టీకా వేయించుకొనవలెను. నెత్తురు వచ్చిన గాయమైనచో గాయముచుట్టు వేయు మరియొక రక్షక మందును అవసరమగును.

1885 జూలై 6వ తేదీన పారిసులో లూయీ పాశ్చరు జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునికి మొదటిమారు ఈ చికిత్స చేసెను. దక్షిణదేశమున 1907లో కూనూరున పాశ్చరు సంస్థ ఏర్పడెను. తరువాత మన దేశమున చిరకాలము వాడిన టీకా గొఱ్ఱె మెదడునుండి తీసినది. బొడ్డుచుట్టు పద్నాలుగు సూదులు. ఆ భయముచేత కాటును దాచుకొన్న పిల్లలెందరో! ఆ టీకాను మన దేశమున 2004 చివరకు మానివేసిరి. ఇప్పటిది భుజమునకు నాలుగైదు పర్యాయములు వేయునది, ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. కావున కరచినదని వచ్చి చెప్పిన పిల్లవానిని తిట్టరాదు. తిట్టినచో మరొకమారు చెప్పడు. చెప్పకుండుటయే అన్నిటికంటె పెద్ద అపాయము. కుక్కపిల్లకును మూడు నెలలు నిండగనే పశువైద్యశాలలో రేబీసు టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువులో మరల మరల వేయించుచుండవలెను.

ఆటకును కోపమునకును గల భేదమును గుర్తింపవలెను. ఆడు పిల్ల శరీరము వదులుగా నుండును. ముందుకాళ్లు వంచి, వెనుకభాగము పైకెత్తి, తోక ఆడించును. శరీరము బిగించి, కన్ను నిలిపి, లోగొంతుకతో గుర్రుమనినను, అన్నపు పళ్లెము వద్దకు పోయినపుడు మీదికి వచ్చినను, అది ఆట కాదు. ఆరు ఏడు నెలలకు 42 పెద్దపండ్లును వచ్చిన పిదపకూడ పట్టుట తగ్గకున్నను, పశువైద్యునికి చూపవలెను. ఒక్కొకప్పుడు కారణము ఏదో నొప్పియై యుండును.

మా మచ్చలపిల్ల సంగతి చెప్పి ముగింతుము. పత్రిక దెబ్బలు ఫలింపక, ఒకనాడు మా అత్తగారి మడమకు పండు గీరుకొనెను. గాయము కడిగి, టీకా వేయించి తీసికొనివచ్చితిమి. ఆమె కూర్చుండి, “అల్లుడుగారూ, ఇక నా వల్ల కాదు. దీన్ని లాకులవతల దింపించెయ్యండి” అనిరి. గోనెసంచి గుమ్మము ప్రక్కకు వచ్చెను. తెల్లవారి చూడగా సంచి లేదు. మా పిల్లవాడు దానిని తన పరుపుక్రింద దాచియుండెను. వానిని దండించుటకు మాకు నోరు రాలేదు. ఒక నెల గడువు అడిగితిమి. పత్రికను చదువుటకే వాడుకొంటిమి. అందరికంటె శ్రద్ధగా నిలుచుట నేర్చినది, ఆశ్చర్యముగా, మా అత్తగారే. ఆమె వంటయింటినుండి వచ్చుచు, దానిని చూడగనే అడుగు ఆపి నిలిచెడివారు. రెండవ వారమునకు అదియు ఆగుట నేర్చెను. ఐదవ వారమున ఆమె కుచ్చిళ్లు దాని ముట్టెను రాచుకొనుచు పోయినను తల ఎత్తి చూచి మరల పడుకొనెను. అది మా చేతికడకు బెదరక వచ్చుటకు మాత్రము అంతకంటె ఎక్కువ కాలము పట్టినది. ఆ ఆలస్యము పత్రికదే, తప్పు మాది.

కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదలేమని మన సామెత. కర్ర పట్టుకొని కుక్కపిల్లకు బుద్ధి నేర్పుటయు అంతే. ఆనాటి గోనెసంచి నేడు మా వసారా మూలన మడతపెట్టి యున్నది. దానిపై పడుకొనునది ఆ మచ్చలకుక్కయే.